చివరి పంక్తి కింద ఖాళీ

ఆస్థాన వాద్యగాడు కాస్పర్ ఇవాళ తడబడ్డాడో, ఆ కోటలో వాళ్లకిక నూకలు చెల్లినట్టే. అతను వాయిస్తుంటే పాడే భార్య ఉర్సులాకు పొద్దుటి నుంచీ రొట్టెముక్క గొంతు దిగలేదు. కాలుగాలిన పిల్లిలా గదంతా తిరుగుతోంది. కాస్పర్ మాత్రం కిటికీ దగ్గర కూర్చుని తాపీగా తన తీగల వాద్యం ల్యూట్‌ను తుడుచుకుంటున్నాడు.

ఆమె వెళ్లి ఎదురుగా నిలబడింది. "నీకు కాస్తయినా బెంగ లేదా?"

"పుస్తకంలో ఉన్నది చూడ్డం, వేలు పెట్టడం. బెంగెందుకే?" అని నవ్వాడు.

గొడవంతా ఆ పుస్తకంతోనే. ప్రభువుగారి చిన్నతనంలో వాళ్లమ్మ ల్యూట్ మీటుతూ జోలపాట పాడేది. ఆవిడ పోయాక ఆవిడ పాటల పుస్తకమూ పోయింది. మొన్న ఏదో మఠంలో అదేనంటూ ఒక పుస్తకం బయటపడింది. పాట పైన, ఏ తీగను ఏ మెట్టు మీద నొక్కాలో చెప్పే అక్షరాలు కింద. ఆస్థాన సంగీతాధికారి ట్రాగ్‌మన్ నిన్న తన మేనల్లుడి చేత ఆ పాట వాయింపజేసి పాడించాడు.

"ఇది మా అమ్మ పాట కాదు. ఎక్కడో తేడా ఉంది. పుస్తకం నకిలీదైనా అయ్యుండాలి, మీకు చేతకాకైనా పోవాలి" అని ప్రభువు లేచిపోయాడు.

"రేపు కాస్పర్‌ని వాయించమనండి ప్రభూ. అతని వల్లా కాకపోతే ఆ కొలువు మావాడికే ఇప్పించండి. మావాడు పలకరిస్తే పలుకుతాడు కూడా" అన్నాడు ట్రాగ్‌మన్.

ఇవాళ సభలో కాస్పర్ అడుగుపెట్టగానే ట్రాగ్‌మన్ వెనకనుంచి కేక వేశాడు. "ఇవాళైనా నీ ల్యూట్ నువ్వే శ్రుతి చేసుకోవయ్యా!"

కాస్పర్ తల తిప్పలేదు.

"చూశారా పొగరు! తీగలు పెళ్లాం బిగించాలి. పెళ్లాం మొహం ఎదురుగా లేందే వేలు కదలదు. పెళ్లయి పదిహేనేళ్లయినా ఏం మోజండీ బాబూ!"

అందరూ గొల్లున నవ్వారు. ఉర్సులా చటుక్కున ల్యూట్ అందుకుంది.

"నాకు జలుబు ప్రభూ. నా గొంతుకు తగ్గట్టు నేనే సరిచేసుకుంటాను."

"ఎవరు బిగిస్తే ఏం? కానివ్వండి!" ప్రభువు విసుక్కున్నాడు.

బయట మంచు, లోపల పొయ్యి సెగ. తీగలు ఒక పట్టాన నిలవవు. ఎలాగో శ్రుతి కుదిర్చి ల్యూట్ భర్త చేతికిచ్చింది. ఇద్దరి మధ్యా పుస్తకం. కాస్పర్ దాని మీదుగా ఆమె ముఖంలోకి చూస్తూ మొదలుపెట్టాడు.

పాట సాఫీగానే సాగింది. ఆఖరి పంక్తి దగ్గర ఉర్సులా కళ్లు పుస్తకం మీద పడ్డాయి. పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ పంక్తి కింద అక్షరాలే లేవు! నిన్న ఆ కుర్రాడు సొంతంగా ఏవో స్వరాలు అల్లేసుకున్నాడు. ఎవరైనా అదే చేస్తారు.

ఆగకు, ఏదో ఒకటి వాయించు, నీకు పుణ్యముంటుంది అని కళ్లతోనే బతిమాలింది. కాస్పర్ అక్షరాలు ఉన్నంతవరకూ వాయించాడు. అయిపోగానే అరచేయి తీగల మీద ఆనించి ఊరుకున్నాడు.

ఉర్సులా ఆ పంక్తి ఒంటరిగా పాడి ముగించింది.

"చూశారా ప్రభూ! నట్టేట్లో వదిలేశాడు!" ట్రాగ్‌మన్ లేచాడు.

ప్రభువు కళ్లు తుడుచుకుంటున్నాడు.

"ఇదీ మా అమ్మ పాట! అమ్మ అక్కడ ల్యూట్ పక్కన పెట్టేసేదయ్యా. నా తల నిమురుతూ ఆఖరి పంక్తి ఉత్త గొంతుతో పాడేది. రెండు చేతులూ ల్యూట్ మీద ఉంటే నిమిరేదెలా? అందుకే రాయలేదు! నీకెలా తట్టింది కాస్పర్?"

కాస్పర్ వంగి ల్యూట్‌ను పెట్టెలో సర్దుతున్నాడు.

"అదిగో ప్రభూ, మీరడిగినా అంతే..." అన్నాడు ట్రాగ్‌మన్.

"ఉండనీవయ్యా! నేను బతికున్నన్నాళ్లూ ఆ పొగరు ఈ కోటలోనే ఉంటుంది."

ఉర్సులా భర్త చొక్కా చెయ్యి లాగింది. కాస్పర్ లేచి ప్రభువుకు వంగి దండం పెట్టాడు.

కోట వాకిట్లోకి రాగానే అతను ఆగిపోయాడు. అప్పుడు కనబడింది అతని ముఖంలో బెంగ. "ఉర్సులా, పాట ఎలా వినిపించింది?"

ఆమె తన ముఖాన్ని వెలుతురులోకి తిప్పి, మూడేళ్ల కిందటి విషజ్వరంలో రెండు చెవులూ పోగొట్టుకున్న మొగుడికి పెదాలు బాగా కనబడేలా నెమ్మదిగా చెప్పింది, "నువ్వు ఆగిపోయావు చూడు, అక్కడ ఇంకా బాగుంది."