రోడ్డు పరీక్ష

పిల్ల ఎడమ కన్ను మూసుకుపోయింది. వాపు చెంప దాకా దిగింది. పక్క అద్దంలో వెనక వచ్చే బండ్లు కనబడటం లేదంది.

“కనబడకపోతే తల తిప్పి చూడు. బండి మాత్రం ఆపకు,” అంది కారత్తయ్య.

ఆ ఊళ్లో మన భాష మాట్లాడే ఆడవాళ్లలో సగం మందికి స్టీరింగు పట్టడం నేర్పింది ఆవిడే. నిన్నగాక మొన్న కాపురానికి వచ్చిన వాళ్ల దగ్గర్నుంచి మనవల్నెత్తిన వాళ్ల దాకా అందరికీ ఆవిడ కారత్తయ్యే. నోరు మంచిది కాదు. బ్రేకనుకుని ఆక్సిలరేటరు తొక్కిన వాళ్లను ఏడిపించి గానీ వదలదు. ఈ పిల్ల మీద మాత్రం ఏనాడూ గొంతు పెంచలేదు.

పిల్ల పెళ్లయి ఆ దేశం వచ్చి ఏడాది దాటింది. సొంత దేశం లైసెన్సు అక్కడ ఏడాదే చెల్లుతుంది. ఆ తర్వాత అక్కడి లైసెన్సు తీసుకోవాల్సిందే. ఆ మాట ఎత్తినందుకు మొగుడు పిల్ల చిటికెన వేలు పట్టుకుని వెనక్కి విరిచాడు. ఆ వేలు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. అయినా వాడు గోడౌన్లో పనికి బయల్దేరగానే పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగేది. వీధి మలుపులో కారత్తయ్య ఇంజను ఆపకుండా కాచుకుని ఉండేది.

“నిన్న ఆయన ఫోన్ చేస్తే వెంటనే ఎత్తలేదు,” అంది పిల్ల, గేరు మారుస్తూ. “ఇంటికి రాగానే తలుపు గడియ పెట్టి...”

“టీవీ సౌండు పెంచాడు,” అని కారత్తయ్యే పూర్తి చేసింది.

ఆవిడకు తెలియనిదేం కాదు. చచ్చి స్వర్గానున్న ఆవిడ మొగుడూ సౌండు పెంచిన తర్వాతే బెల్టు తీసేవాడు. ఆవిడ వీపు మీద ఆ గుర్తులు ఇంకా ఉన్నాయి. ఇప్పుడు లాండ్రీ పైన గదిలో ఒక్కతే ఉంటుంది.

“లైసెన్సంటే బండి నడపడానికే అనుకోకు,” అని పిల్లకు రోజూ నూరిపోసేది. “నీ పేరూ నీ ఫొటో ఉన్న కార్డు నీ చేతిలో ఉంటే గది ఇస్తారు, పని ఇస్తారు. తర్వాత బండి ఏ వైపు తిప్పుతావో నీ ఇష్టం.”

రోడ్డు పరీక్ష రోజు వచ్చింది. పాస్‌పోర్టు చూపిస్తే తప్ప బండెక్కనివ్వరు. అదేమో మొగుడి అల్మారాలో ఉంది. వాడు స్నానానికి వెళ్లినప్పుడు పిల్ల వాడి ప్యాంటు జేబులోంచి తాళంచెవి తీసింది. పాస్‌పోర్టు జాకెట్లో దోపుకుంది. కంగారులో అల్మారా తలుపు మూయడం మరిచి మెట్లు దిగేసింది.

పరీక్ష పెట్టే ఆయన బట్టతలాయన. మాటలు తక్కువ. పిల్ల పక్కన కూర్చుని ఊరంతా తిప్పించాడు. కారత్తయ్య ఆ ఆవరణలోనే కాలుగాలిన పిల్లిలా తిరిగింది. బండి తిరిగొచ్చింది. పాసయ్యావని ఆయన ఒక్క ముక్క చెప్పి, కాగితం తేవడానికి లోపలికి వెళ్లాడు. పిల్ల స్టీరింగు వదల్లేదు. నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలియడం లేదు.

అప్పుడొచ్చింది మొగుడి కారు. అల్మారాలో పాస్‌పోర్టు లేకపోవడం చూశాక, పెళ్లాం ఎక్కడికి పోయిందో ఊహించడానికి వాడికి ఎంతోసేపు పట్టలేదు. బండికి అడ్డంగా ఆపి దిగాడు. తలుపు లాగి, పిల్ల జుట్టు చేతికి చుట్టుకుని బయటికి ఈడ్చాడు. ముఖాన్ని కారు తలుపుకేసి కొట్టాడు. పెదవి చీలింది. మళ్లీ కొట్టాడు. అద్దం నిండా నెత్తురు.

కారత్తయ్య వాళ్ల మధ్యకు వెళ్లింది.

“నువ్వా? దీనికి నేర్పుతున్నది నువ్వా?” అన్నాడు వాడు.

“నేనే. దాన్ని వదులు.”

ఒక్క తోపు తోశాడు. ఆవిడ వెళ్లి బానెట్టు మీద పడింది. వాడు రెండు చేతులతో పిల్ల గొంతు పట్టుకున్నాడు. పిల్ల కాళ్లు నేల మీద కొట్టుకున్నాయి. కళ్లు తేలిపోయాయి.

దొంగలెత్తుకుపోకుండా స్టీరింగుకు తగిలించే ఇనప కడ్డీ సీటు కింద ఉంది. కారత్తయ్య దాన్ని అందుకుంది. మొదటి దెబ్బ మోచేతి మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు ఆవరణంతా వినిపించింది. వాడు గొంతు వదిలేసి, నమ్మలేనట్టు ఆవిడ ముఖంలోకి చూశాడు. ఏదో అనబోయాడు. ఆవిడ అననివ్వలేదు. రెండో దెబ్బ మోకాలి చిప్ప మీద పడింది. కూలబడ్డాడు. ఇంకోటి తల మీద పడింది. కడ్డీ మళ్లీ లేచింది.

“చాలు అత్తయ్యా. చచ్చిపోతాడు,” అంది పిల్ల, నెత్తురు మింగుతూ.

కారత్తయ్య చేతిలోంచి కడ్డీ జారింది.

అంబులెన్సు వచ్చి వాణ్ణి ఎత్తుకుపోయింది. కొన ఊపిరి ఉందన్నారు. పోలీసులొచ్చారు. ఈ పెద్దావిడ అడ్డుపడకపోతే ఆ పిల్ల దక్కేది కాదని, అప్పటికే కాగితంతో బయటికొచ్చిన బట్టతలాయన చూసింది చూసినట్టు చెప్పాడు. తెచ్చిన కాగితం పిల్ల చేతిలో పెట్టాడు. పిల్ల దాన్ని గుండెకు అదుముకుంది.

పోలీసావిడ కారత్తయ్యను మెట్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. పరాయి పిల్ల కోసం ఇంత తెగించినవాళ్లను తన సర్వీసులో చూడలేదంది. కోర్టులో మీకేమీ కాదని ధైర్యం చెప్పింది. తర్వాత, రాసుకోవాలి కాబట్టి, దెబ్బలు తిన్నవాడు మీకు ముందే తెలుసా అని అడిగింది.

“నా కడుపున పుట్టినవాడే,” అంది కారత్తయ్య.