కొత్త తీగ

“మీరు సాక్షిగా నిలబడతారా ఆయమ్మా?” అని శిల్ప మేడం అడిగేసరికి వెంకటనరసమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది.

ఆ మాట కోసమే ఆమె కాచుకుని ఉంది. అయినా మొహమాటపడినట్టు నవ్వి, “నాకేం వచ్చండీ మేడం గారూ” అంది.

ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే దారిలో ఉంది ఆ స్కూలు. వెంకటనరసమ్మ అందులో ఆయా. శిల్ప ఆ ఏడే తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన సోషల్ టీచరు. పుస్తకం చూసి నోట్సు చెప్పడం ఆమెకి గిట్టదు. పంచాయతీ పాఠం వస్తే పిల్లల చేత గ్రామసభ పెట్టించింది. ఎన్నికల పాఠానికి సుద్దముక్కల డబ్బాని బ్యాలెట్ పెట్టె చేసింది. ఇప్పుడు ఎనిమిదో తరగతికి న్యాయవ్యవస్థ పాఠం. స్కూల్ డే నాడు అందరి ఎదుటా కోర్టు ఆడిద్దామంది.

కేసు మాత్రం మన చుట్టుపక్కలదే కావాలని ఆమె పిల్లల్ని అడుగుతుంటే, గుమ్మంలో నిలబడ్డ వెంకటనరసమ్మ ఒకటి అందించింది. ఇక్కడికి దగ్గర్లోనే ఎక్కడో జరిగిందట. రొయ్యల చెరువు దగ్గర కాపలా కుర్రాడు మోటారు కరెంటు తీగ తగిలి పోయాడట. తాగి నీళ్లలో పడ్డాడని యజమాని చెప్పాడట.

“చాలా బాగుందండీ ఇది” అంది మేడం.

బాగుంటుంది. చచ్చిపోయినవాడు తన కన్నకొడుకు చిట్టిబాబు కాకపోతే.

అసలు కోర్టులో ఆ కేసు నిలవలేదు. బోనెక్కిన వెంకటనరసమ్మ, వకీలు అడిగిన మొదటి ప్రశ్నకే ఏడుపు అందుకుంది. ఒక్క మాటా పెగల్లేదు. చెరువు యజమాని ప్రసాదరావు కోర్టు మెట్లు దిగుతూ, మధ్యాహ్నం భోజనం ఎక్కడ చేద్దామని పక్కవాళ్లని అడగడం ఆమె విన్నది. ఇప్పటికీ అన్నం కలుపుకుంటే ఆ గొంతే వినపడుతుంది.

తను ఉండే కొల్లేటి లంక ఊరు వదిలేసి వచ్చి ఈ స్కూల్లో చేరింది. స్కూలు స్థలం ప్రసాదరావుదే. ఏ వేడుక జరిగినా ముందు వరుసలో మధ్య కుర్చీ ఆయనది. ఆ కుర్చీ తుడిచేది వెంకటనరసమ్మ. ఆమె మొహం ఆయనకి ఏనాడూ గుర్తు రాలేదు.

ఆమెకి ఒక్కటే కోరిక. నువ్వు దోషివని నలుగురిలో ఆయనతో ఎవరో ఒకరు అనాలి. ఆయన కొనలేని నోరు అనాలి.

ఎనిమిదో తరగతి హర్షిణి అంటే ఆయమ్మకి ప్రాణమని స్కూలంతా చెప్పుకునేది. ఆమె ఆయాగా చేరిన జూన్‌లోనే ఆ పిల్ల ఎల్‌కేజీలో చేరింది. గేటు దగ్గర ఏడుస్తుంటే చంకనెత్తుకుంది. జడ ఊడితే అల్లింది. పైటచెంగులో జామకాయలు దాచి తెచ్చింది. ఏటా బడి తెరవగానే, “ఇప్పుడు ఏ క్లాసమ్మా?” అని అడిగేది. పిల్ల చెప్తే తల పంకించి, ఇంకా చిన్నదే అనుకునేది. కథ చెప్పినా కబురు చెప్పినా చివర ఒకే మాట. “ఏదైనా ఉన్నదున్నట్టు అడగాలమ్మా. ఎదర ఎవరున్నా జంకకూడదు.”

జడ్జి ఎవరో తేల్చడానికి మేడం చీట్లు వేయబోతే, “హర్షిణమ్మ అబద్ధం ఆడదండీ. గొంతూ బాగుంటది” అని వెంకటనరసమ్మే అంది. మేడం సరేనంది. చనిపోయినవాడి తల్లిగా నటించాల్సిన భావన, సాక్ష్యం చెప్పమంటే నవ్వు ఆపుకోలేకపోతోంది. అందుకే మేడం ఆయమ్మని అడిగింది.

స్కూల్ డే నాడు ప్రసాదరావు ఎన్నడూ లేనిది అందరికన్నా ముందే వచ్చి కూర్చున్నాడు.

“నేను బాగా చేస్తానా ఆయమ్మా?” అంది హర్షిణి. నల్లకోటుకి గుండీలు పెడుతున్న వెంకటనరసమ్మ వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. మనసు వెనక్కి లాగింది. గట్టు మీద పడుకోబెట్టిన చిట్టిబాబుని తలుచుకుని చివరి గుండీ పెట్టేసింది.

కోర్టు మొదలైంది. ప్రసాదరావు ఫోన్ ఎత్తి వీడియో తీసుకుంటున్నాడు. యజమాని తరఫు వకీలు పృథ్వీ గొంతు సవరించుకుని, “మీ అబ్బాయి రోజూ తాగుతాడట కదా?” అన్నాడు.

అప్పటి ప్రశ్నే. ఈసారి ఆమె ఏడవలేదు.

“తీగ మీద తొక్కు ఊడిపోయిందని ముందురోజే యజమానికి చెప్పాడండి. రేపు చూద్దాంలే అన్నారు. తెల్లారి నేను వెళ్లేసరికి నా కొడుకు గట్టు మీద ఉన్నాడు. మోటారుకి కొత్త తీగ మెరుస్తా ఉంది. పోలీసులు ఇంకా రానేలేదు.” వకీలు వంక తిరిగింది. “తాగి పడినవాడి కోసం రాత్రికి రాత్రి తీగెందుకు మార్చారండీ?”

అది రాసిచ్చిన మాట కాదు. మేడం చేతిలో కాగితాలు తిరగేసుకుంది. ముందు వరుసలో ఫోన్ కిందికి దిగింది.

తీర్పు మాత్రం మేడం రాసివ్వలేదు. విన్నది విని జడ్జే తేల్చాలంది. హర్షిణి తను రాసుకున్న కాగితం మళ్లీ చదువుకుంది. చివరికి చెక్క సుత్తితో బల్ల మీద కొట్టి, “యజమాని దోషి” అంది.

పందిరంతా చప్పట్లు. ఆ మాట వెంకటనరసమ్మ గుండెల్లో చల్లగా దిగింది. అయినా ఆమె బోను దిగలేదు.

“యజమాని ఎవరో చెప్పనేలేదు ఆయమ్మా” అంది హర్షిణి.

వెంకటనరసమ్మ పేరు చెప్పలేదు. ముందు వరుసలో మధ్య కుర్చీ వంక చూసింది. చూపు తిప్పుకోలేదు. చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

హర్షిణి ఆ చూపు వెంటే చూసింది. సుత్తి బల్ల మీద పెట్టి, మెట్లు దిగి, నల్లకోటుతోనే వెళ్లి ప్రసాదరావు ఎదుట నిలబడింది.

“ఆ చెరువు మనదేనా తాతయ్యా?”