నాడి చూసే కమాండ్

అంబులెన్సుల మ్యాప్ మళ్లీ బిగుసుకుపోయింది. గుండెనొప్పి మనిషి కోసం బయల్దేరిన బండి ఏ వీధిలో ఉందో కంట్రోల్ రూములో ఎవరికీ తెలియడం లేదు. ఫోనులో ఆ మనిషి భార్య ఏడుస్తోంది.

"సర్వర్ ఊపిరాడక చస్తోందే చెల్లీ! ముందు దాన్ని లేపు," అన్నాడు ఆ రూము నడిపే అన్నయ్య.

సర్వర్ల పని చూసే చెల్లెలు సెలవు ముగించుకుని ఇవాళే వచ్చింది. బ్యాగయినా దించకుండా, మెషీన్ నాడి చూసే కమాండ్ కొట్టింది. ఏ ప్రోగ్రామ్ సర్వర్‌ని ఎంత పిండుతోందో అది నల్లతెర మీద వరుసగా చూపిస్తుంది.

మొదటి వరుసలో ఉన్నది ఆ కమాండే. దాని కింద మళ్లీ అదే. తెర నిండా అదే.

"ఎవరన్నయ్యా దీన్ని ఇన్నిసార్లు తెరిచింది? ఇక్కడ విండో మూసినా ఇది లోపల తిరుగుతూనే ఉంటుంది. రెప్ప వేసినప్పుడల్లా ఎలా ఉన్నావు, ఎలా ఉన్నావు అని అడుగుతుంటే సర్వర్ ఇంకేం పని చేస్తుంది?"

అతను తెర వైపు తిరిగాడు.

అన్నిటినీ ఆపబోతూ, అవి మొదలైన తేదీలు చూసింది. అన్నీ తను ఐసీయూలో పడున్న వారానివే.

ఎంటర్ నొక్కింది. మ్యాప్ కదిలింది. బండి ఆ ఇంటి గుమ్మం ముందే ఉంది.

ఆమె వెనక్కి తిరిగింది.

"నిన్ను చూడనివ్వలేదే," అన్నాడు అన్నయ్య, తెర మీంచి కళ్లు తిప్పకుండా. "నీ మెషీన్నయినా చూస్తూ కూర్చున్నా."