రాళ్ళ చదువు

“మంచు మీద కాలు జారి పడితే ఎవరు లేపుతారే నిన్ను? చెప్పు, ఎవరు లేపుతారు?”

కారు ఇంకా పూర్తిగా ఆగనేలేదు, గుడ్రున్ మొదలుపెట్టేసింది. కూతురు మారిట్ ఇంజను ఆపి, దిగి, తలుపు ధడాలున వేసింది.

“తలుపు మీద కోపం దేనికి? అడిగింది నేను.”

మారిట్ అప్పటికే ముందు నడుస్తోంది.

ఆ రోజు విశ్వవిద్యాలయం తలుపులన్నీ బార్లా తెరిచి పెట్టారు. కొత్తగా చేరాలనుకునేవాళ్ళు వచ్చి చూసుకోవచ్చు. ఉత్తర స్వీడన్‌లో మార్చి అంటే మోకాలెత్తు మంచు ఇంకా కరగని నెల. లోపల వెచ్చగా ఉంది. బల్లల మీద కాఫీ, దాల్చినచెక్క రొట్టెలు. మారిట్ ఒక రొట్టె చేతిలోకి తీసుకుంది. గుడ్రున్ వాటి వంక చూడలేదు. ఏ మూల ఏ ప్రమాదం పొంచి ఉందా అని గోడలు గాలిస్తోంది.

నారింజరంగు పనిబట్టలు వేసుకుని, వాటి నిండా గుడ్డ బిళ్ళలు కుట్టుకున్న కుర్రాడు ఎదురొచ్చాడు. ఇక్కడి విద్యార్థుల వేషమే అది.

“ఏం నాయనా, ట్రాక్టరు కింద నుంచి ఇప్పుడే లేచొచ్చావా?”

“నా పేరు మెల్కెర్ అండీ. అన్నీ నేను చూపిస్తాను.” వాళ్ళిద్దరి వెనక్కి తొంగి చూశాడు. “ఇంకెవరైనా రావాలా?”

“ఎవరూ లేరు. మేమిద్దరమే,” అంది గుడ్రున్.

“ఓ! ఏ చదువు కోసం వచ్చారు?”

మారిట్ నోరు తెరిచేలోపే గుడ్రున్ అందుకుంది. “రాళ్ళు! చిన్నప్పటి నుంచీ ఇదే పిచ్చి. ఏటికి వెళ్తే చాలు, జేబులు చిరిగేలా రాళ్ళు మోసుకొచ్చేది. కిటికీల్లో అవే. అల్మారాల్లో అవే. దుమ్ము దులపలేక చచ్చేదాన్ని.”

“భూగర్భ శాస్త్రమన్నమాట. మంచి చదువండీ.”

“రాళ్ళు మా పెరట్లోనూ ఉన్నాయి. వాటికోసం ఇంత దూరం రావాలా?”

మెల్కెర్ నవ్వుతూనే చెప్పుకుపోయాడు. ఫీజు లేదు. ఎంత పెద్ద ఆచార్యుణ్ణయినా పేరు పెట్టే పిలుస్తారు. పరీక్ష తప్పితే మళ్ళీ రాసుకోవచ్చు. వేసవిలో కొండల మీదికి తీసుకువెళ్తారు, గుడారాల్లో పడుకుంటారు.

“గుడారాల్లోనా? ఎలుగుబంట్లు తిరిగే కొండల్లోనా?”

“ఎలుగుబంట్లు ఇంతవరకూ దరఖాస్తు పెట్టలేదండీ.”

గుడ్రున్ నవ్వలేదు. మారిట్ పెదవి కొస కదిలి, తల్లి చూపు తగలగానే బిగుసుకుపోయింది.

తర్వాత విద్యార్థులుండే గదులు చూపించాడు. పొడుగాటి నడవా, రెండు వైపులా గదులు, అందరికీ కలిపి ఒక వంటిల్లు. గుమ్మం దగ్గర బూట్ల గుట్ట. అందులో తెడ్లంత మగబూట్లు.

“మగపిల్లలు కూడా ఇక్కడేనా?”

“అవునండీ. గదులు మాత్రం వేరే.”

వంటింట్లో ఫ్రిజ్ తలుపు మీద ఎవరో కాగితం అంటించారు. ‘నా జున్ను తిన్న దొంగా, నువ్వెవరో నాకు తెలుసు. రాత్రి నిద్రపోకు.’

“చూశావా?” గుడ్రున్ ఆ కాగితం మీద వేలు పెట్టింది. “దొంగలు! చంపుతామని బెదిరింపులు!”

“ఇవి ప్రతి వంటింట్లో ఉంటాయండీ. రాసినవాళ్ళు, తిన్నవాళ్ళు సాయంత్రానికి కలిసే కాఫీ తాగుతారు.”

“నువ్వాగు నాయనా. మా వీధి చివర లెన్నార్ట్ కొడుకూ ఇలాగే చదువుకని వెళ్ళాడు. గడ్డకట్టిన ఏటి మీదుగా సైకిలు తొక్కుకుంటూ వస్తే మంచు పగిలింది. వసంతంలో గాని శవం దొరకలేదు. వాళ్ళమ్మ ఈ రోజు వరకూ ఏటివైపు కిటికీ తెరవదు. నా పిల్ల సంగతి నాకు తెలుసు. పుస్తకం పట్టిందంటే తిండి గుర్తుండదు. జ్వరం వచ్చి పడుంటే ఈ జున్ను దొంగలు చూస్తారా?”

మారిట్ చేతిలో దాల్చినచెక్క రొట్టె నలిగి పొడి అయిపోయింది. మెడ మీద నరం ఉబ్బింది.

అది గుడ్రున్‌ని ఇంకా మండించింది. “నా సంతకం లేకుండా ఎలా చేర్చుకుంటారో నేనూ చూస్తాను!”

మెల్కెర్ తెల్లబోయాడు. మారిట్ వంక చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. “ఇక్కడ... అమ్మానాన్నల సంతకం అడగరండీ. చేరేవాళ్ళు ఒప్పుకుంటే చాలు.”

“అంటే కన్నతల్లి మాటకి పూచికపుల్ల విలువ లేదన్నమాట!”

విసవిసా బయటికి నడిచింది. మెట్ల పక్క ఇనుప కమ్మీ కోసం ఆమె చెయ్యి, చూడకుండానే, సరిగ్గా ఉన్నచోటికే వెళ్ళింది. కింది మెట్టు దిగి వెనక్కి తిరిగింది. మారిట్ పై మెట్టు మీదే ఆగిపోయి ఉంది. కళ్ళల్లో నిప్పులు.

“ఏం చూస్తున్నావు? ఈ చదువులు మనకొద్దు. నాకు భయం. పద, ఇంటికి పోదాం.”

చూరు మీది మంచు కరిగి బొట్టు బొట్టుగా రాలుతోంది. లోపల ఎవరో నవ్వుతున్నారు. మారిట్ కదల్లేదు. “మాట్లాడవేమే?” అని అరిచింది గుడ్రున్.

మారిట్ నోరు విప్పింది: “నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఇదే మెట్ల మీద నువ్వు ఇదే మాట అంటే నోరు మూసుకుని నీ వెనకే ఇంటికొచ్చేశానమ్మా, మొన్ననే ఉద్యోగం నుంచి రిటైరయ్యాను, ఇక రాను.”