తలకట్టు దగ్గర సందు

గోడ మీద తన అక్షరం కనిపించేసరికి తిరుపతిరావు టీ ఉన్న మట్టి కప్పుని బల్ల మీదే వదిలేసి దాని దగ్గరికి నడిచాడు.

వాట్‌గంజ్‌లో పట్టాభి టీ కొట్టు పక్కన కొత్తగా అంటించిన పోస్టరు అది. మధ్యలో పెద్ద ‘క’. దాని తలకట్టు కొసన గింజంత సందు. కలకత్తా మొత్తం మీద తలకట్టుని అలా విరిచి రాసేవాడు తిరుపతిరావు ఒక్కడే.

“ఏటి రాసుందిరా పట్టాభీ?”

అక్షరం కింద ఉన్నదంతా బెంగాలీ, ఇంగ్లీషు. తిరుపతిరావుకి చదవడం వచ్చింది తెలుగొక్కటే.

“తెలుగు అక్షరాల ఎగ్జిబిషనట దాదా. గోల్‌పార్క్ దగ్గర. పెట్టింది మీ ఇంటికొచ్చే గుంట షెకైనా అట.”

“నా పేరు?”

పట్టాభి పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు.

“నేదు.”

తిరుపతిరావు ముప్పై ఏళ్లుగా రేకు పెట్టెల మీద పేర్లు రాస్తున్నాడు. ఓడల డాక్‌లో పని ముగించుకుని సిక్కోలు వైపు వెళ్లిపోయే ప్రతివాడూ పెట్టె మూత మీద పేరూ ఊరూ రాయించుకోవాల్సిందే. రాత లేని పెట్టె ఇచ్ఛాపురం దాటదని వాళ్ల నమ్మకం. వయసులో ఉన్నప్పుడు తిరుపతిరావు షాలిమార్‌లో పెట్టెలు రాసే పెయింటరొకాయన దగ్గర రంగులు కలిపే పని చేశాడు. ఆ తర్వాత ఇటొచ్చి సొంతంగా బ్రష్షు పట్టాడు.

పట్టడమంటే అందరిలా కాదు. రాసేటప్పుడు చూపుడువేలు బ్రష్షుకి తగలనివ్వడు. పైకెత్తి పెడతాడు. అందుకే తలకట్టు కొసకి వచ్చేసరికి పట్టు జారి ఆ సందు పడుతుంది.

“ఎవులికి దారి సూపిస్తన్నావు?” అని పెళ్లాం జగ్గమ్మ ఆ వేలిని చూసి ఇప్పటికీ ఆటపట్టిస్తుంది.

ఇప్పుడందరివీ చక్రాల బ్యాగులే. పని తగ్గింది. పేరు మాత్రం తగ్గలేదు. ఆ సందు చూస్తే చాలు, ఇది తిరుపతిరావు రాత అని ఏక్‌బాల్‌పూర్ దాకా చెప్పేస్తారు. ముసలాడికి మిగిలిన ఆస్తి అదొక్కటే.

షెకైనా పోయిన వానాకాలంలో వచ్చింది. షాలిమార్ రైల్వే క్వార్టర్స్ పిల్ల. ఏదో డిజైన్ ఆఫీసులో బొమ్మలు గీస్తుంది. రోజూ వీధిలో దొరికినదల్లా ఫోటో తీస్తుంది. లారీ వెనక పువ్వు, టీ కొట్టు ధరల పట్టీ, చేపల బుట్ట మీద సున్నంతో వేసిన అంకె.

“ఆఫీసులో బుర్ర ఆగిపోతే ఇవే తిండి దాదూ” అంది మొదటి రోజే. తెలుగు ఇంట్లో మాట్లాడటమే గానీ చదవడం రాదట. అక్షరం ఆమెకి ఉత్త బొమ్మే.

ఆదివారం చర్చి అవగానే వచ్చేది. పెట్టెల మూతల మీద పల్చటి కాగితం పరిచి అక్షరాలు దించుకునేది. జగ్గమ్మ ఎండు నెత్తళ్ల కూరతో అన్నం పెట్టేది. పిల్లల్లేని ఇంట్లో ఆదివారమంటే షెకైనాయే అయిపోయింది.

“ఈ సందు పెట్టడం ఎవరు నేర్పారు దాదూ?” అని ఒకసారి అడిగింది.

“ఎవులూ నేదే గుంటా. అమ్మోరిచ్చిన సెయ్యి.”

ఇంకో ఆదివారం మళ్లీ అదే అడిగింది. ఈయనా అదే చెప్పాడు. మూడోసారి అడిగి, ఆయన కుడిచెయ్యి ఫోటో తీసుకుంది. తిరుపతిరావు దర్జాగా అయిదు వేళ్లూ చాచి చూపించాడు. ఆ ఫోటో వంక చాలాసేపు చూసి, అన్నం వద్దని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఒంట్లో బాగులేదేమోనని జగ్గమ్మ రెండు ఆదివారాలు కూర తీసిపెట్టింది కూడా.

ఇదిగో, ఇందుకన్నమాట రాకపోవడం!

గోల్‌పార్క్ బస్సులో దారి పొడుగునా తిరుపతిరావు ఆ పిల్లని తిట్టుకుంటూనే ఉన్నాడు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం అంటే విన్నాడు గానీ, మనవరాలనుకున్న పిల్లే లెక్కపెడుతుందని అనుకోలేదు. పేరు వేయడానికి ఏం పోయింది? మూలన చిన్నగా వేసినా సంబరపడేవాడే.

హాలు గోడల నిండా అతని అక్షరాలే. క, ర, మ, ప. అన్నిటికీ విరిగిన తలకట్లే. ఖరీదైన బట్టల్లో ఉన్నవాళ్లు వాటి ముందు నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు. గోడ గోడకీ ఓ అట్ట ముక్క తగిలించి ఉంది. దేని మీదా తెలుగు లేదు.

“సదవడం రాదు గానీ దొంగతనం వచ్చినాది!” అని అరిచాడు. హాలు మొత్తం వెనక్కి తిరిగింది.

షెకైనా ఎదురుగా వచ్చింది. భయపడలేదు. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

“నా రాత మీద నా పేరేదీ? మా జగ్గమ్మ సేతి కూడు తినీసి ఇంత పని సేస్తావా?”

“ఇవి మీవి కావు దాదూ.”

“నావి కాపోతే నీ తాతవా?”

షెకైనా ఆయన చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకెళ్లింది. అక్కడ బల్ల మీద తుప్పు పట్టిన రేకు పెట్టె ఒకటి ఉంది. తిరుపతిరావు దాన్ని చూశాడు. వంగి, మూత మీది తలకట్టు కొసన ఉన్న సందుని వేలితో తడిమాడు.

పెట్టె పైన గోడకి తగిలించిన పాత ఫోటోలో, అదే మూత మీద బ్రష్షుతో తలకట్టు పెడుతూ నవ్వుతున్న ఆమె తాత దయారత్నం కుడిచేతికి చూపుడువేలు లేదు.