అనాసపువ్వును పోలిన పువ్వు

ఆ రోజుల్లో ప్రతి వంటింట్లోనూ ఒక వాసన డబ్బా ఉండేది. ఏ దినుసు దగ్గర పెట్టినా అందులోని నూనెల్ని పసిగట్టి, అది ఏ జాతిదో చెప్పేది. విజయనగరం పైడమ్మకు మాత్రం అదంటే చిరాకు.

ఓ ఉదయం పసి మనవరాలు కడుపునొప్పితో గుక్కపట్టి ఏడుస్తుంటే, ఆమె కొత్త పొట్లం విప్పి అనాసపువ్వు కషాయం కాచింది. పక్కనున్న డబ్బా ఎర్రగా వెలిగి మాట్లాడింది.

"ఇది అనాసపువ్వు కాదు, దాన్ని పోలిన వేరే జాతి. బిడ్డకు విషం."

"నలుగురు పిల్లల్ని ఇదే పోసి పెంచినాను. నాకు సెప్పొచ్చినావేటి?" అంటూ పైడమ్మ ఉగ్గుగిన్నె ఎత్తింది.

కోడలు సుగుణ పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "అత్తా, పాత పొట్లంలో పువ్వు కూడా పెట్టి సూద్దాం."

పాత పువ్వు పెడితే పచ్చదీపం వెలిగింది, కొత్తది పెడితే మళ్లీ ఎరుపే. చూడ్డానికి మాత్రం రెండూ ఒక్క తల్లి బిడ్డల్లా ఉన్నాయి. పైడమ్మ ఉగ్గుగిన్నె దించింది. కషాయం పారబోసి, బిడ్డ పొట్టకు గోరువెచ్చని ఆముదం రాసింది. కాసేపటికి పాప నిద్రపోయింది.

"డబ్బాకి దండం పెట్టత్తా," అని నవ్వింది సుగుణ.

"పెడతాను. కానీ అది సెప్తే నాను ఇన్నానేటి?" పైడమ్మ కోడలి చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని కళ్లకద్దుకుంది. "నన్ను ఆపింది ఇదే కదమ్మా."