ఖాళీ రోజు

ఓడ ఎక్కిన ఊళ్ళో దింపదట.

ఆ ముక్క మూడుసార్లు చెప్పినా ప్లంబరు బుర్రకెక్కలేదు. ఎక్కిన చోటికి తిరిగి తీసుకురానిది అదేం ప్రయాణం?

బల్ల అవతలి మనిషి విసుక్కోలేదు. చెవిమీది పెన్సిలు తీసి మళ్ళీ మొదటినుంచీ గీత గీశాడు. ఇది మీ ఊరు. ఇక్కడ రైలెక్కుతారు. ఇది రేవు. ఇక్కణ్ణించి మూడు రాత్రులు ఓడ. ఓడ ఇదిగో, ఈ రెండో రేవులో దింపుతుంది. అక్కణ్ణించి ఇంకో రైలు, తిన్నగా ఇంటికి.

"అంటే వెళ్ళిన రైల్లో తిరిగి రామన్నమాట," అన్నాడు ప్లంబరు.

"రారండి."

"మరి రానూపోనూ టికెట్టు ఎందుకు?"

"అందుకే వద్దంటున్నానండి."

సోమవారం ఆలుమగలిద్దరూ ఆ ట్రావెల్స్ ఆఫీసులో అడుగు పెట్టేసరికి ఎదురుగా బల్ల, బల్లమీద రైళ్ళ టైంటేబులు, దాని వెనక ఈయన. మీరెవరని అడగాలని తోచలేదు. బల్ల అవతల కూర్చున్నవాణ్ణి ఎవరడుగుతారు? ఇంటికెళ్ళి 'పెన్సిలాయన' అని పేరు మాత్రం పెట్టుకున్నారు.

ఈ రైలూ ఓడా కలగాపులగమంతా ఇంట్లో రాజీ కోసం. ఇరవై ఆరేళ్ళుగా పైపుల కింద పడుకుని నీళ్ళతో కొట్లాడుతున్నవాడు సెలవుల్లో కూడా నీళ్ళ మధ్యకే పోతాడా? రైలైతే వస్తానన్నాడు ప్లంబరు. భార్యది ఆసుపత్రి నేలమాళిగలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పని. పొద్దున దిగితే సాయంత్రం దాకా ఎండపొడ కనపడదు. ఆవిడకి సముద్రం చూడాలని. ఒడ్డునుంచి కాదు, నట్టనడుమ నుంచి. ఇన్నేళ్ళకి తొమ్మిది రోజులు సెలవిచ్చారు. ఈ తొమ్మిదీ జారిపోతే మళ్ళీ ఎప్పటికో.

ఏ తేదీలని పెన్సిలాయన అడిగితే ఆవిడ చెప్పింది. ఆయన చొక్కా జేబులోంచి మడత కాగితం ఒకటి తీసి, దానివంక కాసేపు చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

మంగళవారం ఇంకో చిక్కు. గాజు తలుపు వెనక ఎప్పుడూ ఫోన్లోనే ఉండే యజమానిని ఆయనే వెళ్ళి కనుక్కొచ్చాడు. ఓడలో కిటికీ ఉన్న గదులన్నీ అయిపోయాయట. మిగిలినవి అడుగున, ఇంజను పక్కన.

"కిటికీ లేని గదికి డబ్బులిచ్చి వెళ్ళడమెందుకండీ," అంది భార్య. "రోజూ వెళ్తున్నదేగా."

పెన్సిలాయన చేతిలో పెన్సిలు ఆగిపోయింది.

"గురువారం రండమ్మా. ఒకటి ఖాళీ అవుతుంది."

"మీకెలా తెలుసు?" అన్నాడు ప్లంబరు.

"అవుతుందండి."

దారి పొడుగునా ప్లంబరు నస పెడుతూనే ఉన్నాడు. ముందే ఎలా తెలుస్తుంది, చెయ్యి తడపమనేగా దానర్థం? అలాంటి మనిషిలా లేడంది భార్య. లేనట్టు కనపడేవాళ్ళతోనే భయమన్నాడు ప్లంబరు.

అసలు తగువు బుధవారం వచ్చింది. రైలు రేవుకి చేరిన మర్నాడు గానీ ఓడ కదలదు. మధ్యలో ఒక రోజు మొత్తం ఖాళీ. తర్వాతి రైలెక్కితే ఓడ వేళకే చేరుకోవచ్చుగా అంటాడు ప్లంబరు. అన్నింటికీ తలూపిన పెన్సిలాయన ఆ ఒక్కదానికి మాత్రం ఒప్పుకోలేదు. రైలు దిగగానే ఓడ మెట్లెక్కకూడదండి, ఒక రోజు ఆగాలండి, అంటాడు. రోజుకి నలభై మేడలెక్కి దిగేవాణ్ణి, నాకు మెట్లొక లెక్కా అన్నా వినడు.

ఉన్నవే తొమ్మిది రోజులు. అందులో ఒకటి లాడ్జిలో గోడలు చూస్తూ కూర్చోవాలా? ప్లంబరుకి తిక్క రేగింది. అండీలు గిండీలు ఎగిరిపోయాయి.

"ఏమయ్యా, నువ్వెప్పుడన్నా మీ ఆవిణ్ణి ఎక్కడికన్నా తీసుకెళ్ళావా? తీసుకెళ్ళినవాడివైతే తెలిసేది."

పెన్సిలాయన తలెత్తాడు.

"లేదండి," అన్నాడు.

టైంటేబులు మూసి, లేచి, గాజు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

గురువారం బల్ల దగ్గర ఎవరూ లేరు.

ప్లంబరు సరాసరి యజమాని మీదికి వెళ్ళాడు. మీ గుమాస్తా మూడు రోజులు తిప్పి, తీరా పని పడ్డ రోజున మొహం చాటేశాడన్నాడు.

"గుమాస్తా ఎవరండీ?" అన్నాడు యజమాని. "ఇక్కడ ఉన్నది నేనొక్కణ్ణే. ఆ బల్ల వచ్చినవాళ్ళు కూర్చోడానికి."

"మరి ఆయనో?"

"మీ చుట్టమనుకున్నానే."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆయన సోమవారం తన టికెట్లు రద్దు చేయించుకోడానికి వచ్చాడట. ఫోన్లో ఉండి కాసేపు కూర్చోమన్నాడట యజమాని. ఇక అప్పట్నించీ రావడం, రేపు చేయిస్తాననడం, వెళ్ళిపోవడం. నిన్న మాత్రం సంతకం పెట్టేశాడు. ఇద్దరు పట్టే గది, కిటికీ ఉన్నది. ఆ ప్లంబరు గారికి తప్ప ఇంకెవరికీ ఇవ్వొద్దని మాట తీసుకున్నాడు. ఇది కూడా ఇమ్మన్నాడంటూ యజమాని ఒక కాగితం చేతిలో పెట్టాడు.

ఆ మడత కాగితమే. మడతల దగ్గర ఉతికిన గుడ్డలా మెత్తబడిపోయింది. రైళ్ళు, గంటలు, రేవులు, అన్నీ పెన్సిలుతో. తను పోట్లాడిన ఖాళీ రోజే ముందు ప్లంబరు కంటపడింది. పక్కన చిన్న అక్షరాలు.

'ఇక్కడ ఒక రోజు ఆగాలి. రైలు దిగగానే మెట్లెక్కితే తనకి ఆయాసం.'

ప్లంబరు రెండుసార్లు చదివాడు. భార్యని పైనుంచి కిందికి చూశాడు.

"నీకు ఆయాసమేంటి?"

ఆవిడ కాగితం అతని చేతిలోంచి తీసుకుని, పాత మడతల మీదే జాగ్రత్తగా మడిచింది.

"నాకు కాదండీ," అంది.